ప్యాజెంట్ అనే మాటకు చక్రాలు

పెద్దలందరికీ నమస్కారం. ముందు వరసలో కూర్చున్న పిల్లలకు ఇంకో నమస్కారం. గ్రంథాలయ వారోత్సవాల్లో ఏదైనా ఒక మంచి విషయం మాట్లాడమని అడిగినప్పుడు నాకు మీలాంటి ఒక అమ్మాయి గుర్తొచ్చింది. ఈ సాయంత్రం నేను చెప్పబోయేదంతా ఆ అమ్మాయి అడిగిన ఒక్క ప్రశ్నకు జవాబే.

2025 మే నెల. హైదరాబాదులో మిస్ వరల్డ్ పోటీలు జరుగుతున్నాయి. దేశదేశాల నుంచి వచ్చిన అమ్మాయిలు చార్మినార్ చూశారు, రామప్ప గుడికి వెళ్ళారు, పోచంపల్లిలో మగ్గాల దగ్గరికి వెళ్ళారు. రోజూ పేపర్ల నిండా ఆ ఫోటోలే. మా వీధిలో తొమ్మిదో తరగతి చదివే పిల్ల ఒక రోజు పొద్దున్నే ఇంగ్లీషు పేపరు పట్టుకుని వచ్చింది. "సార్, ఇక్కడ బ్యూటీ ప్యాజెంట్ అని రాశారు. ప్యాజెంట్ అంటే పోటీ అనే కదా? మరి బ్రిటన్ రాజుగారి పట్టాభిషేకం వీడియోలో ప్యాజెంట్రీ, ప్యాజెంట్రీ అని పది సార్లు అన్నారు. అక్కడ పోటీ ఏముంది సార్? ఉన్నది ఒక్క రాజే కదా" అంది.

నేను ముప్పై ఏళ్ళకు పైగా ఇంగ్లీషు పాఠాలు చెప్పాను. ఆ మాటను అంత సూటిగా నిలదీసినవాళ్ళు ఎవరూ లేరు. నిఘంటువు తీసి చూపించాను. వైభవంగా జరిగే ప్రదర్శన, రంగురంగుల వేషాలతో సాగే ఊరేగింపు, చరిత్రను బొమ్మకట్టి చూపించే వేడుక అని ఉంది. అర్థాలు సరైనవే. కానీ ఆ పిల్ల ముఖంలో సందేహం తీరలేదు. పోటీకీ పట్టాభిషేకానికీ ఒకే మాట ఎలా సరిపోయిందో నిఘంటువు చెప్పలేదు. అది చెప్పాలంటే ఆ మాట పుట్టిన ఊరికి వెళ్ళాలి. వెళ్తే అక్కడ రాజూ లేడు, అందగత్తె కిరీటమూ లేదు. ఒక బండి ఉంది. కొట్టంలో పెట్టి తాళం వేసిన, నాలుగు చక్రాల కొయ్య బండి.

ముందు పలుకుబడి సంగతి ఒకటి చెప్పుకుందాం. ఇంగ్లీషువాళ్ళు దీన్ని ప్యాజెంట్ అని పలుకుతారు. మనలో చాలామంది స్పెల్లింగ్ చూసి పేజెంట్ అంటారు. ఆ తప్పును నేను పెద్ద తప్పుగా చూడను. ఎందుకంటే స్పెల్లింగ్‌లో నిజంగానే ఒక పేజీ దాగి ఉంది. మన చెవికి పేజీ వినబడటం ఊరికే కాదు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఇంగ్లండుకు ఉత్తరాన యార్క్ అనే పాత నగరం ఉంది. చుట్టూ కోటగోడ, మధ్యలో పెద్ద చర్చి, ఇరుకు వీధులు. 1376లో ఆ నగరపాలకుల లెక్కల్లో ఒక అద్దె పద్దు కనిపిస్తుంది. క్రీస్తు దేహ పండుగకు సంబంధించిన మూడింటిని దాచి ఉంచిన ఒక ఇంటికి అద్దె అని లాటిన్‌లో రాశారు. ఆ మూడు ఏమిటంటే, 'పాజిన'లు. లాటిన్‌లో పాజిన అంటే పుస్తకంలో పుట. కానీ మూడు పుటలు దాచడానికి ఇల్లు అద్దెకు తీసుకోరు కదా. వాళ్ళు దాచింది బండ్లు. పండుగ రోజు వీధుల్లోకి తెచ్చి, వాటి మీద బైబిలు కథలను నాటకాలుగా ఆడే బండ్లు. యార్క్ నాటకాల గురించి మనకు దొరికిన మొట్టమొదటి ఆధారం ఒక బండ్ల కొట్టం అద్దె. నాకు ఈ విషయం తెలిసిన రోజున చాలా సంతోషం కలిగింది. ప్యాజెంట్ అనే మాట పుట్టుకను నేను సింహాసనాల దగ్గర వెతుకుతుంటే, అది బండి కొట్టంలో దొరికింది.

క్రీస్తు దేహ పండుగను 1264లో పోపు నాలుగో అర్బన్ ఏర్పాటు చేశాడు. ఇంగ్లండులో 1318 ప్రాంతం నుంచి జరుపుకున్నారు. మే చివర నుంచి జూన్ చివర వరకు ఏదో ఒక గురువారం నాడు వస్తుంది. ఆ దేశంలో అవి చాలా పొడవైన పగళ్ళు. ఆ పొడుగాటి పగలంతా వాడుకుని, లోకం పుట్టినప్పటి నుంచి చివరి తీర్పు దినం దాకా కథ మొత్తం ఒక్క రోజులో ఆడేవాళ్ళు. ఆటగాళ్ళు తెల్లవారుజామున నాలుగున్నరకల్లా సిద్ధంగా ఉండాలని 1415 నాటి యార్క్ చాటింపు చెబుతోంది. ఆ ఏడాది నగర గుమస్తా తయారుచేసిన జాబితాలో యాభైకి పైగా ఘట్టాలున్నాయి. ఒక్కో ఘట్టానికి ఒక బండి. మొదటి బండి మొదటి మజిలీలో ఆగి ఆట ఆడుతుంది. అయిపోగానే రెండో మజిలీకి కదులుతుంది. దాని స్థానంలోకి రెండో బండి వస్తుంది. ఇలా ఊళ్ళో పది పన్నెండు చోట్ల. జనం ఒకచోటే నిలబడి ఉంటారు, కథే వాళ్ళ ముందుకు నడిచి వస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఈ బండ్లు ఎవరివి? చర్చివి కావు, రాజువి కావు. వృత్తి సంఘాలవి. ఒక్కో ఘట్టం ఒక్కో వృత్తివారి పూచీ. జలప్రళయానికి ముందు నోవహు ఓడ కట్టే ఘట్టం ఓడలు కట్టేవాళ్ళది. జలప్రళయం చేపలు పట్టేవాళ్ళది, పడవలు నడిపేవాళ్ళది. ప్రభువు చివరి రాత్రి భోజనం రొట్టెలు కాల్చేవాళ్ళది. చెస్టర్ అనే ఇంకో ఊళ్ళో, డీ నది నుంచి నీళ్ళు మోసి ఇంటింటికీ పోసేవాళ్ళు నోవహు జలప్రళయం ఆడేవాళ్ళు. రోజూ కడవల్లో నీళ్ళు మోసే మనిషి, ఆ ఒక్క రోజు లోకాన్నంతా ముంచేసిన నీళ్ళ కథ చెబుతున్నాడు. ఎంత గొప్ప ఊహ!

యార్క్‌లో సిలువ వేసే ఘట్టం మేకులు, సూదులు చేసేవాళ్ళది. ఈ నాటకం పాఠం మనకు మిగిలింది. నేను చదివాను. చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. నలుగురు సైనికులు యేసును సిలువ మీద పడుకోబెడతారు. వాళ్ళ మాటలన్నీ పనివాళ్ళ మాటలే. రంధ్రం వేసిన చోటు తప్పింది, చెయ్యి అంతదాకా అందడం లేదు, కొలత సరిగా తీసుకోలేదు, తాడు కట్టి లాగు, అని గొణుక్కుంటారు. మేకు దిగగొడతారు. సిలువ ఎత్తేటప్పుడు బరువుకు ఆపసోపాలు పడతారు. నిలబెట్టాక గుంటలో అది వదులుగా కదులుతుంటే చుట్టూ చీలలు బిగిస్తారు. వాళ్ళలో ఎవరికీ తాము చేస్తున్నది ఏమిటో తెలియదు. పని సవ్యంగా అయిందా లేదా, అదే వాళ్ళ ధ్యాస. ఇదంతా ఆడుతున్నది నిజంగా మేకులు చేసి బతికే మనుషులు. చూస్తున్నది ఆ మేకులు కొనే ఇరుగుపొరుగువాళ్ళు. అప్పుడు సిలువ మీద నుంచి యేసు, దారిన పోయే మీరందరూ ఆగి చూడండి అని వీధిలో నిలబడ్డవాళ్ళతోనే మాట్లాడతాడు.

మా నాన్న వడ్రంగి. ఎడ్లబండ్లు చేసేవాడు. అందుకే ఆ నాటకంలో రంధ్రం కొలత తప్పిందన్న మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. తప్పిన కొలత వడ్రంగికి ఎలాంటి బాధో నాకు తెలుసు.

బండి ఎలా ఉండేదో కూడా కొంత తెలుసు. చెస్టర్‌కు చెందిన ఒక రచయిత 17వ శతాబ్దం మొదట్లో రాసి పెట్టాడు. ఎత్తైన మంచె, దానికి రెండు అరలు, కింద చక్రాలు. కింది అరలో వేషాలు వేసుకుంటారు. పైఅరలో ఆడతారు. పైన కప్పు లేకుండా తెరిచి ఉంటుంది, అందరికీ కనబడాలని. యార్క్ వర్తకుల సంఘం 1433లో తమ బండిలో ఏమేం ఉన్నాయో పట్టీ రాయించింది. ఆ కాగితం 20వ శతాబ్దం ద్వితీయార్ధంలో వెలుగులోకి వచ్చింది. వాళ్ళ ఘట్టం చివరి తీర్పు దినం. ఆ పట్టీలో నాలుగు చక్రాల ప్యాజెంట్ ఉంది, నరకం నోరు ఉంది, దయ్యాల దుస్తులూ ముఖాలూ ఉన్నాయి. దేవదూతల రెక్కలు, కొయ్యతో చేసిన రెండు ఇంద్రధనుస్సు ముక్కలు, దేవుడు కూర్చుని స్వర్గానికి ఎగిరిపోవడానికి నాలుగు మూలలా తాళ్ళు కట్టిన ఇనప పీట ఉన్నాయి. ఎర్ర రంగు వేసిన తొమ్మిది చిన్న దేవదూత బొమ్మలు కూడా ఉన్నాయి. సన్నని తాడు లాగితే అవి స్వర్గంలో అటూ ఇటూ పరిగెడతాయి. చూడండి, వర్తకులు కదా, దేవుడి పీట దగ్గర నుంచి దయ్యం ముఖం దాకా దేన్నీ వదలకుండా లెక్క రాసుకున్నారు. ఆ లెక్క రాసే గుణం వల్లే ఈ రోజు మనకు ఆ బండి కళ్ళకు కడుతోంది.

కోవెంట్రీ అనే ఊరి లెక్కలు ఇంకా ఇష్టంగా ఉంటాయి నాకు. నరకం నోటి దగ్గర మంట ఆరిపోకుండా చూసినవాడికి కూలి. కోడిలా కూసినవాడికి నాలుగు పెన్నీలు. శిష్యుడు పేతురు యేసును ఎరగనని మూడుసార్లు అన్నాక కోడి కూయాలి కదా, దానికి. బండి చక్రాలకు కందెనగా సబ్బు కొన్న ఖర్చు. ఇరుసుకు కందెన లేకపోతే పరమేశ్వరుడి బండైనా కదలదని మన పెద్దలు అన్నారు. కోవెంట్రీవాళ్ళు ఆ మాట విని ఉండరు. కానీ వాళ్ళు లాగింది అక్షరాలా పరమేశ్వరుడి బండే, దానికి కందెన ఖర్చు కూడా రాసి పెట్టారు.

ఈ ఖర్చుల కోసం సంఘంలో ప్రతి ఒక్కరూ చందా వేసుకునేవారు. యార్క్‌లో దానికి ప్యాజెంట్ సిల్వర్ అని పేరు. అంటే ప్యాజెంట్ డబ్బు. బండి బాధ్యత చూసేవాళ్ళకు ప్యాజెంట్ మాస్టర్లని పేరు. బండ్లు ఉంచే మైదానానికి ప్యాజెంట్ గ్రీన్ అని పేరు. అప్పట్లో ఆ మాట వింటే ఎవరికైనా తళుకుబెళుకులు గుర్తొచ్చేవి కావు. చందా గుర్తొచ్చేది, తాళంచెవి ఎవరి దగ్గరుందో గుర్తొచ్చేది, ఈ ఏడాది చక్రం బాగుచేయించాలన్న టెన్షన్ గుర్తొచ్చేది. మన ఊళ్ళో రథోత్సవానికి మోకు ఎవరు తేవాలి, చక్రాలు ఎవరు చూడాలి, దివిటీ ఎవరు పట్టాలి అన్న లెక్కలు తెలిసినవాళ్ళకు ఇదంతా వెంటనే అర్థమవుతుంది.

ఇక పేజీ దగ్గరికి వద్దాం. పుటకు లాటిన్ మాట, బండికి ఎలా వచ్చింది? పండితుల్లో రెండు దారులున్నాయి. ఒక దారివాళ్ళు ఇలా అంటారు: నాటకం మొదట కాగితం మీద ఉంటుంది. ఒక్కో ఘట్టం ఒక్కో పుట. పుట పేరే ఘట్టానికి వచ్చింది, ఘట్టం పేరు అది ఆడే బండికి వచ్చింది. రెండో దారివాళ్ళు ఇలా అంటారు: పాజిన అనే మాటకు మూలం 'పాంగెరె' అనే లాటిన్ క్రియ. బిగించడం, పాతడం, కలిపి కట్టడం అని దాని అర్థం. లాటిన్‌లో ద్రాక్ష తీగల వరసలను కలిపి కట్టిన చతురస్రాన్నీ పాజిన అన్నారు. కాబట్టి చెక్కలు కలిపి బిగించిన మంచెకు కూడా ఆ పేరు నేరుగానే వచ్చి ఉండవచ్చు. గ్రీకులో 'పేగ్మ' అనే చుట్టపు మాట ఉంది. అది లాటిన్‌లోకి వచ్చి, రోమన్ల రంగస్థలం మీద కదిలించే మంచెకు పేరైంది.

ఆ ధాతువు చాలా దూరం ప్రయాణించింది. ఒప్పందం అనే అర్థంలో వాడే ప్యాక్ట్, శాంతి అనే అర్థంలో వాడే పీస్, రెండూ దాని పిల్లలే. బిగించిన మాట ఒప్పందం. మాట బిగిస్తే వచ్చేది శాంతి. సంస్కృతంలో ఉన్న పాశం కూడా ఆ కుటుంబంలోదే అంటారు భాషా శాస్త్రవేత్తలు. యముడి పాశం, అనురాగ పాశం అని మనం రోజూ అనే మాట, ఇంగ్లీషు పేజీ, యార్క్ బండి, మూడూ దూరపు దాయాదులు.

రెండు దారుల్లో ఏది సరైనదని ఆ పిల్ల అడిగింది. అప్పుడు నాకు మా నాన్న మాట ఒకటి గుర్తొచ్చింది.

చిన్నప్పుడు సెలవుల్లో నాన్న పక్కన కూర్చునేవాణ్ణి. తుమ్మ కర్ర చెక్కి చక్రం చేసేవాడు. పిడకల మంటలో ఎర్రగా కాల్చిన ఇనప పట్టాను చక్రానికి తొడిగి నీళ్ళు పోస్తే బుస్సుమని పొగ లేచేది. ఆ పొగ వాసన నాకు ఇప్పటికీ వస్తుంది. పట్టా తొడగక ముందు నాన్న నన్ను పిలిచి, "ఆకులు లెక్కపెట్టరా" అనేవాడు. పన్నెండు ఉండేవి. ఇక్కడున్న పిల్లల్లో చాలామందికి ఈ మాట తెలిసి ఉండదు. బండి చక్రం మధ్య నుంచి అంచుకు వెళ్ళే కమ్ముల్లాంటి కర్రలను తెలుగులో ఆకులు అంటారు. సైకిలుకు పుల్లలు, బండికి ఆకులు. అదే ఆకు మీద మన పూర్వులు పుస్తకాలు రాశారు. తాటాకు పుస్తకంలో ఆకు అంటే పుటే. అంటే తెలుగులో ఒకే మాటకు పుస్తకంలో పుట అనీ అర్థం ఉంది, బండి చక్రంలో భాగం అనీ అర్థం ఉంది. యార్క్ గుమస్తా 1376లో రాసిన పాజిన ఎలా పుటా బండీ రెండూ అయిందో, మన ఆకు కూడా అలాగే రెండు చోట్లా ఉంది. ఒకదానికొకటి సంబంధం లేదు. రెండు భాషలు రెండు వేరు దారుల్లో నడిచి అలా ఒకచోట కలిశాయి, అంతే. నాకు మాత్రం ఆ పాత లాటిన్ పద్దు నాన్న పక్కన కూర్చుని చదువుతున్నట్టు అనిపించింది.

ఇంకొకటి కూడా చెప్పాలి. మన అక్షరమాలలో ఱ ఉంది కదా. దాన్ని బండి ఱ అంటాం, శకట రేఫ అంటాం. దాని రూపాన్ని బట్టి వచ్చిన పేరు అంటారు. పుట మీద రాసే అక్షరంలోనే మనం ఒక బండిని నిలబెట్టుకున్నాం. ఇలాంటి భాషలో పెరిగినవాళ్ళకు ప్యాజెంట్ పుట్టుక వింతగా తోచకూడదు.

పిల్ల అడిగిన దానికి నా జవాబు ఇది: యార్క్‌లో పుటా బండీ నిజంగానే ప్రతి ఏడూ ఒకచోట కలిసేవి. నగరం అన్ని నాటకాల పాఠాలనూ ఒక పెద్ద పుస్తకంలో రాయించింది. 15వ శతాబ్దం మూడో పాతికలో తయారైన ఆ పుస్తకం ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. 16వ శతాబ్దంలో నగర గుమస్తా ఆ పుస్తకం పట్టుకుని మొదటి మజిలీలో, హోలీ ట్రినిటీ మఠం ద్వారం దగ్గర కూర్చునేవాడు. బండి వచ్చి ఆగుతుంది, మీద మనిషి మాట్లాడతాడు, గుమస్తా వేలు పుట మీద కదులుతుంది. ఎక్కడైనా మాట తేడా వస్తే పక్కన రాసుకుంటాడు. ఆయన పక్కన నిలబడి పుట ముందా బండి ముందా అని ఎవరు తేల్చగలరు?

మాట చివర ఉన్న ట్ గురించి ఒక్క నిమిషం. పాజిన్ అని ముగిసే మాటకు ఆ ట్ ఎక్కడిది? ఇంగ్లీషు నోటికి న్ తర్వాత ట్ గానీ డ్ గానీ అంటించే అలవాటు ఒకప్పుడు ఉండేది. ఫ్రెంచి నుంచి ఏన్షెంట్, ఫెజంట్ అనే మాటలు వచ్చినప్పుడు వాటి చివర కూడా ట్ లేదు. ఇక్కడికి వచ్చాకే అంటుకుంది. కోవెంట్రీలో దీన్ని పాజండ్ అని డ్ తో రాశారు. అలా రాసిన ఒక వాక్యం ఉంది. యేసు పుట్టాడని విన్న హేరోదు రాజు కోపంతో ఊగిపోయే ఘట్టం. హేరోదు పాజండ్ మీదా, వీధిలో కూడా వీరంగం వేస్తాడు అని నటుడికి సూచన. రాజు బండి మీద అరుస్తూ అరుస్తూ కిందికి దూకి జనం మధ్యలో పడి గంతులు వేస్తాడన్నమాట. ఆ ఒక్క సూచన చాలు, పాజండ్ అంటే ఏమిటో నిఘంటువు అక్కర్లేదు. దర్జీలూ ఉన్ని కత్తిరించేవాళ్ళూ ఆడిన ఆ నాటకాన్ని రాబర్ట్ క్రూ అనే ఆయన 1534లో సరిచేసి రాశాడు. అసలు ప్రతి 1879లో బర్మింగ్‌హామ్ గ్రంథాలయంలో అగ్నిప్రమాదంలో కాలిపోయింది. అంతకు చాలా ఏళ్ళ ముందే థామస్ షార్ప్ అనే స్థానిక చరిత్రకారుడు దాన్ని అచ్చు వేయించి ఉంచాడు కాబట్టి మనకు దక్కింది. గ్రంథాలయంలో నిలబడి చెబుతున్నాను కాబట్టి ఈ మాట మనసు పెట్టి వినండి. ఒక ప్రతి ఎత్తి రాసి పెట్టడం అంటే అంత పని.

ఈ బండ్లు ఎందుకు ఆగిపోయాయి? మతం మారింది. ఇంగ్లండు పోపును కాదనుకున్నాక క్రీస్తు దేహ పండుగే 1548లో రద్దయింది. నాటకాలు కొన్నాళ్ళు లాగాయి. యార్క్‌లో చివరిసారి 1569లో, చెస్టర్‌లో 1575లో, కోవెంట్రీలో 1579లో. కోవెంట్రీకి దగ్గర్లోనే ఉన్న స్ట్రాట్‌ఫర్డ్‌లో అప్పటికి షేక్‌స్పియర్‌కు పదిహేనేళ్ళు.

బండి పోయింది, మాట మిగిలింది. మిగిలిన మాట రాజుల చేతిలో పడింది. రాజో రాణో లండన్‌లోకి ప్రవేశించేటప్పుడు దారిలో కట్టిన అలంకార వేదికలకు ప్యాజెంట్ అన్నారు. బండ్లు పూర్తిగా ఆగకముందే, 1559లో మొదటి ఎలిజబెత్ పట్టాభిషేకానికి ముందు రోజు ఊరేగింపులో అలాంటివి కట్టారు. బండి నడిచి జనం దగ్గరికి వచ్చే రోజులు పోయి, వేదిక నిలబడి రాజు దాని ముందు నుంచి నడిచే రోజులు వచ్చాయి. ఆ తర్వాత ప్యాజెంట్రీ అనే మాట పుట్టింది. చూడ్డానికి వైభవం, లోపల ఏమీ లేనిది అన్న చులకన అర్థం కూడా చేరింది. ఇక్కడే నాకు మనసు నొచ్చుకుంటుంది. పనివాళ్ళు పైసా పైసా వేసుకుని చేసిన దాని పేరు డాబుకు పర్యాయపదం అయింది.

1911 డిసెంబరు 12న ఢిల్లీలో ఐదో జార్జి దర్బారు జరిగింది. ఆ ఆగస్టులోనే గద్దెనెక్కిన హైదరాబాదు నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ సంస్థానాధీశుల్లో అందరికంటే ముందు వెళ్ళి వందనం చేశాడు. అలాంటి వేడుకలను చెప్పడానికే ఇంగ్లీషు రాతల్లో ఈ మాట బాగా వాడారు. మన నిఘంటువుల్లో ఇది ఆడంబరం, అట్టహాసం అని చేరడానికి ఆ కాలపు వాడుకే కారణమని నా అభిప్రాయం.

కానీ అదే కాలంలో ఇంకో దారి కూడా తెరుచుకుంది. 1905లో షెర్బోర్న్ అనే చిన్న ఊళ్ళో లూయీ నెపోలియన్ పార్కర్ అనే నాటకకర్త ఊరి 1200 ఏళ్ళ పండుగకు ఊరివాళ్ళతోనే ఊరి చరిత్ర ఆడించాడు. వందల మంది, అందరూ స్థానికులే. అది చూసి ఇంగ్లండంతా ఊరూరా ప్యాజెంట్లు మొదలయ్యాయి. అమెరికాకూ పాకింది. 1913 జూన్ 7న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో, న్యూజెర్సీ రాష్ట్రంలోని ప్యాటర్సన్ పట్టు మిల్లుల కార్మికులు తమ సమ్మెనే ప్యాజెంట్‌గా ఆడారు. సమ్మె చేస్తున్నవాళ్ళే నటులు. అదే ఏడాది డుబోయిస్ అనే నల్లజాతి రచయిత తన జాతి చరిత్రను వేల మంది ముందు ప్యాజెంట్‌గా నిలబెట్టాడు. మగ్గం ముందు నిలబడే మనిషి మళ్ళీ ఆ మాటను తన చేతిలోకి తీసుకున్నాడు. నాకు ప్యాటర్సన్ గురించి చదివినప్పుడు, 1569లో యార్క్‌లో దిగిపోయినవాళ్ళు మళ్ళీ బండెక్కినట్టే అనిపించింది.

అందాల పోటీ సంగతి దీని తర్వాతది. అట్లాంటిక్ సిటీ అనే సముద్రతీరపు ఊళ్ళో వేసవి అయిపోగానే యాత్రికులు వెళ్ళిపోతున్నారని వ్యాపారులు ఒక ఉత్సవం మొదలుపెట్టారు. చక్రాల కుర్చీలను పూలతో అలంకరించి తీరం వెంట ఊరేగించేవారు. 1921లో దానికి అందాల పోటీ జోడించారు. మార్గరెట్ గోర్మన్ అనే పదహారేళ్ళ అమ్మాయి గెలిచింది. మిస్ అమెరికా అక్కడ మొదలైంది. ఊరేగింపు పేరు పోటీకి అంటుకుంది. అమ్మా, నీ ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. ప్యాజెంట్ అంటే పోటీ కాదు. పోటీ ఆ ఊరేగింపులో ఎక్కి కూర్చుంది. అక్కడ కూడా చక్రాలున్నాయి చూశావా అన్నాను. పిల్ల నవ్వింది.

మరి తెలుగులో ఏమనాలి సార్ అంది. అందాల పోటీకి అందాల పోటీ చాలు. పట్టాభిషేక వైభవానికి వైభవం చాలు. కానీ ఆ మాట అసలు అర్థానికి, అంటే ఒక కథను బండి మీద నిలబెట్టి జనం ముందు నడిపించడానికి, మనకు ఎప్పటి నుంచో మాట ఉంది. ప్రతి జనవరి 26న వింటాం. శకటం. ఢిల్లీలో గణతంత్ర దినోత్సవ కవాతులో రాష్ట్రాలు పంపే వాటిని ఇంగ్లీషులో టాబ్లో అంటారు. అది ఫ్రెంచి మాట, చిత్రపటం అని అర్థం. అందులో కదలిక లేదు. తెలుగు పేపర్లు మాత్రం శకటం అని రాశాయి. శకటం అంటే బండి. 2023లో కోనసీమ ప్రభల తీర్థం శకటం వెళ్ళింది. భుజాల మీద మోసే ప్రభలు ఆ రోజు చక్రాలెక్కాయి. 2024లో కొమురం భీం, రాంజీ గోండు, చాకలి ఐలమ్మలతో తెలంగాణ శకటం వెళ్ళింది. 2025లో ఏటికొప్పాక బొమ్మల శకటానికి రాష్ట్రాల్లో మూడో బహుమతి వచ్చింది. అంకుడు కర్ర చెక్కి, లక్క రంగు పట్టించి బొమ్మలు చేసేవాళ్ళ పనితనం బండెక్కి రాజధాని వీధిలో నడిచింది. యార్క్ వడ్రంగి ఎవరైనా దాన్ని చూసి ఉంటే, పేరు అడగకుండానే ఇది మా ప్యాజెంటే అనేవాడు.

యార్క్‌లో ఆ నాటకాలు 1951లో మళ్ళీ మొదలయ్యాయి. మొదట శిథిలమైన పాత మఠం గోడల మధ్య, తర్వాత బండ్ల మీద కూడా. ఇప్పుడు కొన్నేళ్ళకోసారి వృత్తి సంఘాలవాళ్ళు తమ బండ్లు తాము నెట్టుకుంటూ వీధుల్లోకి వస్తున్నారు. 2022లో కూడా వచ్చారు.

మా నాన్న చివరి రోజుల్లో టీవీ ముందు కూర్చోబెట్టేవాళ్ళం. ఒక జనవరి 26న కవాతు వస్తోంది. శకటాలు ఒకదాని వెనక ఒకటి కదులుతున్నాయి. గుళ్ళూ కోటలూ నెమళ్ళూ నాట్యాలూ. అందరం పైన ఉన్నవాటిని చూస్తున్నాం. నాన్న మాత్రం మంచం మీద నుంచి ముందుకు వంగి, తెర అడుగు భాగం వైపే చూస్తున్నాడు. అక్కడ చుట్టూ గుడ్డ కట్టి ఉంటుంది, ఏమీ కనబడదు. నన్ను దగ్గరికి పిలిచి, "చక్రాలు ఎవరు చేశార్రా? కనపడనివ్వరేం?" అన్నాడు.